డెబ్బది రెండవ యేట తెరచిన అంగడి: మోటారు విడిభాగముల వర్తకము



ఇరుసున చీల ఊడిన బండి ఎంత పెద్దదైనను, ఎంత మేలైన ఎద్దులను కట్టినదైనను, అడుగు ముందుకు కదలదు. చీల వెల అతిస్వల్పము. కాని అది లేని గడియలో బండియు, బండిలోని ధాన్యమును, తోలువాని దినమును మూడును నిలిచిపోవును. ఈ చిన్న సంగతియే నేడు నేను ముచ్చటింపబోవు వర్తకమునకంతటికిని మూలము. మోటారు బండ్లకు కావలసిన విడిభాగములను అమ్ము అంగళ్లు ఎట్లు నడచుచున్నవో, అట్టి అంగళ్ల శ్రేణి యొకటి అమెరికా దేశమున ఒక్క దుకాణముతో పుట్టి ఆరువేలకు మించి ఎట్లు పెరిగినదో మీకు మనవి చేయదలచితిని.

అమెరికాలోని అంగడి కథ మన పల్లె పెద్దలకేల యని మీలో కొందరికి తోచవచ్చును. దానికి రెండు సమాధానములు కలవు. మొదటిది, నాగలి పట్టిన చేతులే నేడు ట్రాక్టరు చక్రము పట్టుచున్నవి. మోటారు సైకిలు లేని వీధి అరుదు. ఈ యంత్రములన్నియు విడిభాగముల అంగడిని నమ్ముకొని బ్రదుకుచున్నవి. కావున ఆ అంగడి మర్మమును ఎరుగుట మనకు లాభమే. రెండవది, ఈ కథలో ముఖ్యుడు పడుచువాడు కాడు. 72 ఏండ్ల వృద్ధుడు. ఇక విశ్రాంతి గొనవలసినదని యజమానులు నిర్ణయించినప్పుడు, ఆయన ఇంట కూర్చుండుటకు మారుగా సొంత అంగడి తెరచెను.

ఆ కుటుంబము పూర్వము ఐర్లండు దేశపుది. 1845 మొదలు కొన్ని సంవత్సరములు ఆ దేశమున బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరవు కలిగెను. లక్షలకొలది ప్రజలు మరణించిరి. లక్షలకొలది ఓడలెక్కి వలసపోయిరి. అట్లు 1849వ సంవత్సరమున అమెరికా చేరినవారిలో మైకేల్ బైర్న్ ఓరైలీ యొకడు. అతడు మిస్సోరీ రాష్ట్రములోని సెయింట్ లూయిస్ పట్టణమున స్థిరపడి, ఒకవంక పనిచేయుచునే న్యాయశాస్త్రము చదివి, భూముల హక్కు పత్రములను పరిశీలించు వృత్తిలో కుదిరెను. అతని కుమారుడు చార్లెస్ ఫ్రాన్సిస్ ఓరైలీ. ఈయనయే మన కథలోని వృద్ధుడు.

1914లో చార్లెస్ ఓరైలీ సెయింట్ లూయిస్‌లోని ఫ్రెడ్ క్యాంబెల్ ఆటో సప్లై అను సంస్థలో, ఊరూర తిరిగి సరుకు అమ్ము ఉద్యోగమున చేరెను. మోటారు సామానులను అమ్ము ఆ మనుష్యుడు తాను మాత్రము రైలుబండిలో తిరుగుచుండెను. ఆ కాలమున మోటారు బండి అమెరికా సామాన్యుని ఇంటికి అప్పుడప్పుడే వచ్చుచున్నది. ఫోర్డు సంస్థవారు 1908 నుండి 1927 వరకు తయారుచేసిన టీ నమూనా బండ్లే కోటిన్నరకు మించినవి. అవిగాక వేరు సంస్థల బండ్లు ఎన్నియో కలవు. ఒకదాని భాగము వేరొకదానికి అతుకదు. ఒకే సంస్థ బండిలోనే ఒక యేటి భాగము మరుసటి యేటి బండికి సరిపడకపోవుట కద్దు. కావున ఈ సరుకు అమ్మువానికి మాటనేర్పు చాలదు. ఏ బండికి ఏది అమరునో నిక్కముగా తెలిసియుండవలెను. తెలియక ఇచ్చిన భాగము మరునాడే తిరిగివచ్చును. దానితోపాటు కొనువాని కోపమును వచ్చును.

1924 నాటికి చార్లెస్ ఓరైలీ మిస్సోరీ రాష్ట్రపు నైరృతి దిక్కున ఓజార్క్ కొండల ప్రాంతమందున్న స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునకు బాగుగా అలవాటుపడెను. 1932లో లింక్ మోటారు సప్లై అను సంస్థ తరఫున, తాను కోరుకొనియే ఆ ఊరికి మారి, అచ్చటి శాఖకు నిర్వాహకుడయ్యెను. ఆయన కుమారుడు చార్లెస్ హెచ్. ఓరైలీ కూడ ఆ సంస్థలోనే చేరెను. ఈతనిని అందరును చబ్ అని ముద్దుపేరుతో పిలుచుచుండిరి.

ఆ దినములు ఈ వర్తకమునకు గొప్ప పాఠశాల వంటివి. 1930 తరువాత అమెరికాలో ఆర్థికమాంద్యము ప్రబలెను. కొత్త బండి కొనుటకు డబ్బు లేనివాడు పాత బండినే బాగుచేయించుకొని నడుపుకొనును. పిమ్మట ప్రపంచయుద్ధము వచ్చెను. 1942 ఫిబ్రవరి నుండి 1945 వరకు ఆ దేశమున ప్రజల కొరకు కొత్త కార్ల తయారీయే నిలిపివేయబడెను. ఉన్న బండి చెడినచో వేరు బండి లేదు. దొరకిన భాగముతో దానినే బ్రదికించుకొనవలెను. ఇట్టి కాలమున విడిభాగముల అంగడి విలాసవస్తువుల అంగడి కాదు, వైద్యశాల వంటిది. కొత్త బండ్ల వర్తకము కుంటుపడిన వేళలందు గూడ ఈ వర్తకము నిలబడుటకు కారణమిదియే. ఈ ధర్మము నేటికిని మారలేదు. 2024లో అమెరికా రోడ్ల మీద తిరుగు బండ్ల సగటు వయస్సు 12 సంవత్సరములకు పైబడియున్నది.

ఇక 1957 సంగతి. లింక్ సంస్థవారు తమ వ్యాపారమును పునర్వ్యవస్థీకరింప దలచిరి. ఆ ఏర్పాటు ప్రకారము 72 ఏండ్ల తండ్రి ఉద్యోగము విరమింపవలెను. కుమారుడు కాన్సస్ సిటీకి బదిలీ కావలెను. లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని చూచినవారికి ఇది సబబుగనే తోచియుండును. కాని ఆ పుస్తకములో చేరని ఆస్తి యొకటి కలదు. 1914 నుండి 43 సంవత్సరములుగా ఆ వృద్ధుడు సంపాదించిన ఎరుకయు, ఆ ప్రాంతపు మెకానిక్కులకు ఆయనపై గల నమ్మకమును ఏ గిడ్డంగిలోను సరుకుగా లెక్కింపబడలేదు. తండ్రికొడుకులు ఆలోచించుకొని, ఆ ఊరిని విడువక సొంత వ్యాపారము పెట్ట నిశ్చయించిరి. తమతో పనిచేయుచుండినవారు కొందరు వారివెంట నడచిరి. 1957 డిసెంబరు 2వ తేదీన స్ప్రింగ్‌ఫీల్డులో ఒక్క అంగడితో, 13 మంది పనివారితో ఓరైలీ ఆటోమోటివ్ ప్రారంభమయ్యెను.

మరుసటి సంవత్సరము, అనగా 1958లో, ఆ అంగడి అమ్మకము 7 లక్షల డాలర్లు. నిన్న పుట్టిన అంగడికి ఇంత అమ్మకము ఎట్లు వచ్చినది? అంగడి కొత్తదే గాని, బల్ల వెనుక నిలిచిన మనుష్యులు కొత్తవారు కారు. కొనువాడు అంగడి పేరును చూచి పోలేదు; మనిషిని చూచి పోయినాడు. పెద్దలకు పని లేదని తలచు దినములలో ఈ సంగతిని మనము మరచిపోరాదని నా మనవి.

ఇచ్చట ఈ వర్తకపు అంతస్తులను కొంచెము వివరింపవలెను. భాగములను తయారుచేయు కర్మాగారము మొదటిది. అచ్చట నుండి బండ్లకొలది సరుకు కొని నిలువచేయు పెద్ద గిడ్డంగిదారు రెండవవాడు. అతనియొద్ద కొని ఊరిలో అమ్ము చిన్న వర్తకుడు మూడవవాడు. వానియొద్ద కొని బండికి బిగించు మెకానిక్కు నాలుగవవాడు. చివరకు బండి యజమాని. ప్రతి మెట్టునను కొంత లాభము చేరును. ఓరైలీలు 1960లో ఓజార్క్ ఆటోమోటివ్ డిస్ట్రిబ్యూటర్సు అను శాఖను నెలకొల్పి, ఆ ప్రాంతపు స్వతంత్ర వర్తకులకు తామే గిడ్డంగిదారులైరి. ఒక చేత చిల్లరగా అమ్ముచు, వేరొక చేత తోటి వర్తకులకు టోకుగా సరుకు నిచ్చుచుండిరన్నమాట. 1961లో ఈ రెండింటి అమ్మకము కలిసి 13 లక్షల డాలర్లయ్యెను. 1975 నాటికి అది 70 లక్షలకు పెరుగగా, 52 వేల చదరపుటడుగుల గిడ్డంగి కట్టిరి.

అయినను ఆ 1975లో వారికున్న అంగళ్లు ఎన్ని? తొమ్మిది మాత్రమే. అవియు మిస్సోరీ నైరృతి భాగమునందే. పదునేడేండ్లకు పైగా శ్రమించి తొమ్మిది అంగళ్లు! వేళ్లు భూమిలోనికి దిగుచున్నప్పుడు చెట్టు పైకి పెరిగినట్లు కానరాదు. తాటి విత్తనము పాతిన రైతునకు ఈ ఓర్పు తెలియును.

ఇక ఈ వర్తకములోని కష్టమును చూతము. కిరాణా కొట్టులో బియ్యము, పప్పు, నూనె వారమువారము అమ్ముడుపోవును. విడిభాగముల అంగడిలో అట్లు కాదు. ఒక్కొక్క అంగడిలో ఇరువది వేల రకముల వస్తువు లుండును. బ్రేకు సామాను, బెల్టులు, ఫిల్టర్లు, ప్లగ్గులు తరచుగ కదలును. కాని పదునైదేండ్ల నాటి బండికి కావలసిన ఒక బేరింగు ఏడాదికొకమారైన అడుగబడునో లేదో. దానిని ఉంచినచో పెట్టుబడి నిద్రపోవును. ఉంచనిచో, వచ్చినవాడు ఉత్తచేతులతో పోయి, తిరిగి రాడు. ఉంచుట నష్టము, ఉంచకుండుటయు నష్టము. ఈ రెండింటి నడుమ దారి కనుగొనుటయే ఈ వర్తకమునందలి నేర్పు.

ఓరైలీ సంస్థవారు కనుగొన్న దారి యిది. తరచుగ కదలు సరుకు ప్రతి అంగడిలోను ఉండును. అంతకంటె అరుదైనది, చుట్టుపట్ల అంగళ్లకు నడుమనున్న ఒక పెద్ద అంగడిలో ఉండును. కోరిన పూటనే అక్కడ నుండి తెప్పింతురు. మిక్కిలి అరుదైనది, లక్షకు మించిన రకములను నిలువచేయు ప్రాంతీయ గిడ్డంగిలో ఉండును. అట్టి గిడ్డంగులు నేడు సుమారు 30 కలవు. వారమున ఐదు రాత్రులు అచ్చట నుండి లారీలు బయలుదేరి తెల్లవారునప్పటికి అంగళ్లకు సరుకు చేర్చును. ఊరిలో దీపములార్పి జనులు నిద్రించువేళ ఈ అంగడి పని జరుగుచుండును. మెకానిక్కు సాయంకాలము అడిగిన భాగము ఉదయమునకు బల్లమీద నుండును. కొనువాడు వెల యిచ్చునది ఇనుపముక్కకు మాత్రము కాదు. అది సమయమునకు దొరకుటకు.

కొనువారిలో రెండు తెగలవారు కలరు. తన బండిని తానే బాగుచేసికొనువాడు ఒకడు. గ్యారేజి నడుపుకొను మెకానిక్కు వేరొకడు. మొదటివానికి ఓర్పుతో చెప్పువాడు కావలెను. రెండవవానికి జాగు పనికిరాదు. అతని షెడ్డులో విప్పిన బండి చోటు నాక్రమించుకొని యుండును. కొన్ని సంస్థలు ఒక తెగనే ప్రధానముగ నమ్ముకొన్నవి. ఓరైలీవారు ఇరువురినిఁగూడ ఆదరించిరి. సొంతముగ బాగుచేసికొనువానికి అరుదుగా కావలసిన పనిముట్టును కొంత సొమ్ము ధరావతుగా ఉంచుకొని ఎరువిత్తురు. తిరిగి తెచ్చినప్పుడు ఆ సొమ్ము వాపసు చేయుదురు.

పాత వస్తువుల ఏర్పాటు మరియొకటి చెప్పదగినది. బ్యాటరీ, స్టార్టరు, డైనమో వంటి వాటిని కొనునప్పుడు అసలు వెలతోపాటు కొంత సొమ్ము అదనముగ పుచ్చుకొందురు. చెడిన పాత వస్తువును తెచ్చి అప్పగించినచో ఆ సొమ్ము మరల ఇచ్చివేయుదురు. ఆ పాత స్టార్టరు కర్మాగారమునకు పోయి, విప్పబడి, శుభ్రపడి, అరిగిన ముక్కలు మార్చబడి మరల అమ్మకమునకు వచ్చును. బ్యాటరీలోని సీసము కరిగి కొత్త బ్యాటరీ యగును. పాత ఇత్తడి చెంబు తూచి యిచ్చి కొత్త చెంబు తెచ్చుకొనిన మన తల్లులకు ఈ న్యాయము కొత్తది కాదు. అంతేగాక, సీసము చెరువు గట్టున పారవేయబడకుండుట ఊరి ఆరోగ్యమునకును మేలు.

పెట్టుబడి మాట యేమి? మెల్లగా కదలు ఇంత సరుకును కొనుటకు సొమ్ము ఎక్కడిది? ఇచ్చటనే పెద్ద సంస్థ బలము కనబడును. సరుకు పంపినవారు దీర్ఘకాలపు గడువు మీద అరువు నిత్తురు. ఇటీవలి సంవత్సరములలో ఓరైలీ సంస్థ సరఫరాదారుల కీయవలసిన బాకీ, తన యొద్దనున్న సరుకు విలువనే మించియున్నది. అనగా అలమారలలోని సరుకంతయు ఇతరుల సొమ్ముతో నిలిచియున్నట్లే. ఊరి చిన్న వర్తకునకు ఇట్టి గడువు ఎవ్వరిత్తురు? ఈ వ్యత్యాసము చేతనే పెక్కు చిన్న అంగళ్లు పెద్ద శ్రేణులకు లొంగిపోయినవి. పెరుగుదలను మెచ్చుకొనునప్పుడు ఈ సంగతిని దాచుట న్యాయము కాదు.

1993 ఏప్రిలులో ఈ సంస్థ తన వాటాలను ప్రజలకు అమ్మెను. ఆ పిమ్మట విస్తరణము వేగమందుకొనెను. 1998లో టెక్సాసు, లూసియానా రాష్ట్రములలో సుమారు 180 అంగళ్లు గల హై-లో సంస్థను కొనెను. 2008లో సి.ఎస్.కె. ఆటో అను సంస్థను కొనినప్పుడు ఒక్కమారుగ 1,342 అంగళ్లు చేతికి వచ్చినవి. అంతకుముందు ఓరైలీకి ఉన్నవి సుమారు 1,800. తనకంటె కొంచెమే చిన్నదానిని మ్రింగుట యనిన సామాన్యము కాదు. 2019లో మెక్సికోలోను, 2024 జనవరిలో కెనడాలోను ఒక్కొక్క సంస్థను కొనెను. 2024 ముగియునప్పటికి అంగళ్లు 6,300కు పైబడినవి. ఆ యేటి అమ్మకము 1,600 కోట్ల డాలర్లను దాటెను.

అంగళ్లను కొనుట వేరు, కలుపుకొనుట వేరు. ఇదే వర్తకములోని అడ్వాన్సు ఆటో పార్ట్సు అను మరియొక పెద్ద సంస్థ 2014లో కార్‌క్వెస్టు శ్రేణిని కొనెను. రెండింటి గిడ్డంగులను, లెక్కలను ఒక్కటి చేయుట ఏండ్ల తరబడి తెమలలేదు. కడపట 2024 నవంబరులో తన సొంత అంగళ్లలో 500కు మించి మూసివేయుదునని ప్రకటించెను. సరుకు ఒకటే, దేశమొకటే, కొనువారును ఒకరే. భేదమంతయు ఇంటి లోపలి కట్టుబాటులో నున్నది. రెండు కుటుంబములు వియ్యమందిన మాత్రమున పొయ్యి ఒకటి కాదని మన పెద్దలెరుగుదురు.

ఓరైలీ ఇంట చబ్ సంతానమైన చార్లీ, లారీ, రోజలీ, డేవిడ్ నలువురును ఈ వ్యాపారమున పనిచేసిరి. కాని నాయకత్వము రక్తసంబంధమునందే ఉండిపోలేదు. 2024లో సంస్థకు ముఖ్యాధికారి యైన బ్రాడ్ బెకమ్ 1996లో అంగడి బల్ల వెనుక నిలిచి భాగములమ్ము పనితో ఆరంభించినవాడు. ఏ భాగము ఏ బండికి అమరునో చేత్తో ఎరిగినవానికే పెత్తనము దక్కుట, ఆ వృద్ధుడు వేసిన మొదటి పునాదికి తగినదే యని నేను తలచెదను.

ముందు కాలపు చిక్కులును కలవు. విద్యుత్తుతో నడచు కార్లలో కదలు భాగములు తక్కువ. వాటికి ఇంజను నూనె అక్కరలేదు, ప్లగ్గులు లేవు. కొత్త బండ్లలోని రోగము గణనయంత్రమునకు గాని చెప్పదు. ఆ రహస్యమును తయారీదారు తనయొద్దనే ఉంచుకొనినచో ఊరి మెకానిక్కు చేతులు కట్టుకొనవలసినదే. అందువలన మసాచుసెట్సు రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి, బాగుచేయుటకు వలయు సమాచారము స్వతంత్ర గ్యారేజీలకును ఈయవలెనని శాసనము చేయించుకొనిరి. వస్తువు కొనినవానికి దానిని బాగుచేయించుకొను హక్కు కూడ ఉండవలెనా లేదా యను ఈ ప్రశ్న రేపు మన ట్రాక్టరు విషయమునను రాకమానదు.

పెద్దలకు నా మనవి రెండు మాటలు. మీ ఇంటి యంత్రము చెడినప్పుడు, పాత భాగమును దానిపైనున్న సంఖ్యతో సహా అంగడికి పంపుడు. నోటిమాటతో తెచ్చిన భాగము అమరకపోవుట కలదు. వెల తక్కువ యని పేరులేని బ్రేకు సామాను కొననీయకుడు. అచ్చట ఆదా చేసిన రూపాయి ప్రాణము మీదికి వచ్చును. రసీదు తప్పక పుచ్చుకొనుడు.

కడపటి మాట యంగడిని గూర్చినది కాదు. మన ఊళ్లలోను మోటు పనుల నుండి విరమించిన పెద్దలు అనేకులు కలరు. ఏ నేలకు ఏ పైరు, ఏ పశువునకు ఏ మందు, ఏ మనిషికి ఏ మాట అమరునో వారికి తెలియును. ఆ ఎరుక ఏ జాబితాలోను ఎక్కదు. దానిని పనికిరానిదని గట్టున పెట్టిన ఊరు, 1957లో ఆ సంస్థ పోగొట్టుకొనినట్లే, లెక్కకు రాని ధనమును పోగొట్టుకొనును. దానిని అడిగి, విని, పడుచువారి చేతిబలముతో జతచేసికొనిన ఊరు బాగుపడును. అడుగువారు లేరని మీరు ఊరకుండవలదు. ఆ వృద్ధుడును ఎవరో వచ్చి పిలుతురని వేచియుండలేదు.